బాణీలో నా పేరు

14 ఆగస్టు 1983, ఆదివారం రాత్రి

మురళీ నేనూ విడిపోయినా మా బ్యాండు ఆగలేదు. మురళి గిటారు మీద బాణీ కడుతున్నాడు, నేను మాటలు రాస్తున్నాను. మాటలు లేని బాణీని ఎవరైనా తననా అని పాడి వినిపిస్తారు. మురళి మాత్రం మొదటి నుంచీ తననాకు బదులు నా పేరు పెట్టేవాడు. వసంతా, వసంతా అని.

ఈరోజు అలిపిరిలో మేం సాధన చేసే షెడ్డులో కొత్త బాణీ వినిపిస్తూ, పల్లవి చివర అలవాటుగా వసంతా అనేశాడు. డ్రమ్ముల మీద బాషా చేతులు ఆగిపోయాయి.

"అలవాట్లో వచ్చేసింది లే. ఆడ ఇంకేదన్నా మాట పెట్టు," అన్నాడు మురళి, గిటారు తీగలు సవరిస్తూ.

"పెడతాలే. ముందు పూర్తిగా పాడు," అన్నాను.

బయటికొచ్చాక బాషా మెల్లగా అన్నాడు. "ఏమనుకోవద్దు మా. పాట శానా బాగుండాది. మీరు కలిసుండేటప్పుడు ఇట్టాంటిది ఒక్కటన్నా వచ్చిందా?"

కోపం వచ్చింది. నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇంటికొచ్చి కూర్చుంటే చరణాలు గబగబా వచ్చేశాయి. సంతోషం కూడా వేసింది, అదే భయంగా ఉంది. ఈ బాధ తగ్గిపోతే నేనిక రాయలేనా? మురళి కూడా అందుకే తగ్గనివ్వడం లేదేమో...

పల్లవి చివర మాత్రం మిగిలింది. నా పేరు తప్ప ఇంకే మాటా అక్కడ ఇమడదనుకున్నాను. 'ఎలాగో' అని పెట్టి పాడుకున్నాను. 'ప్రయాణం' అని పెట్టి పాడుకున్నాను.

అన్నీ చక్కగా సరిపోతున్నాయి.