బన్నుకు బదులు గుమ్మడి రొట్టె

అక్టోబరు 4

ఈ నోటుబుక్కు కెజియా ఇచ్చింది. మా ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. రోజూ పొద్దున నా భార్య పేరమ్మకు సుగర్ చూసి నెంబరు రాయమంది. మిషన్ కూడా ఇచ్చింది. ఈరోజు 286.

ముందు వైపు నెంబర్లు రాస్తాను. అవి కెజియా చూస్తుంది. వెనక వైపు ఖాళీగా ఉంది. అక్కణ్ణుంచి ఇది రాస్తున్నాను. ఎవరూ చూడరు. ఐదో తరగతి చదివాను. అక్షరాలు మర్చిపోలేదు.

అక్టోబరు 5

291.

పేరమ్మకు కుడికన్ను పూర్తిగా పోయినట్టే. ఎడమ కంటికి మనిషి నీడలాగా కనపడతాడట. నెల్లూరులో డాక్టరమ్మ రెండుసార్లు ఆపరేషన్‌కు డేట్ ఇచ్చింది. రెండుసార్లూ తిప్పి పంపింది. సుగర్ రెండు వందల లోపు ఉంటేనే కన్ను ముట్టుకుంటానంది. మూడో డేట్ డిసెంబరు 11. ఈసారీ కాకపోతే పొర ముదిరిపోతుందట. ఆ తర్వాత చూపు ఎంత వస్తుందో చెప్పలేనంది.

సాయంత్రం పేరమ్మ వల ముందేసుకుని కూర్చుంది. చిరుగు ఎక్కడుందో వేలితో వెతుకుతోంది. చాలాసేపు వెతికింది.

అక్టోబరు 7

మాత్రలు పెంచారు. టీలో చక్కెర మానేసింది. అన్నం తగ్గించింది. బన్ను మాత్రం మానదు. పొద్దున చెంచయ్య టీకొట్టు నుంచి బన్ను వచ్చి టీలో మునగకపోతే ఆమెకు తెల్లారదు.

కెజియా వచ్చి కోప్పడింది. అవ్వా, మాత్ర ఒక పక్క లాగతా ఉంటే బన్ను ఇంకో పక్క లాగతా ఉండాది, నీ కన్ను మధ్యలో నలిగిపోతాది అంది. పేరమ్మ ఊరుకుంటుందా? మీ ఇంట్లో క్రిస్మస్‌కి కేకులు తింటారే, మీ కళ్ళకేం కాలేదే అంది. కెజియా నవ్వేసింది.

పోయేటప్పుడు నన్ను బయటికి పిలిచి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. గుమ్మడికాయతో బ్రెడ్. చక్కెర లేదు, మైదా లేదు. లో కార్బ్ అంది. అందులో బాదం పిండి వేశారు. మనకు వేరుశనగ పిండి చాలు తాతా అంది. ఎవరు చేస్తారు అన్నాను. నావైపు చూసింది.

అక్టోబరు 12

చెంచయ్యకు బన్ను వద్దని చెప్పాలి. చెప్పలేకపోయాను. నేను కనపడగానే కాగితంలో చుట్టి చేతిలో పెట్టేస్తాడు. ఏళ్ళ అలవాటు. పదిమంది కూర్చుని ఉంటారు. వాళ్ళ ముందు నోరు రాలేదు. ఇంటికి తీసుకుపోతే ఆమె తింటుంది. దారిలో పడవల వెనక నిలబడి నేనే తినేశాను. చెంచయ్య బన్ను పంపలేదని ఆమెకు చెప్పాను.

అక్టోబరు 18

గుమ్మడికాయకు మొదటి కత్తి మగవాడే పెట్టాలని పేరమ్మ పట్టింపు. నలభై ఏడేళ్ళ కాపురంలో వంటింట్లోకి నన్ను పిలిచింది ఆ ఒక్క పనికే. కత్తి పెట్టి, రెండు చెక్కలు చేసి బయటికి వచ్చేసేవాణ్ణి.

ఈరోజు బయటికి రాలేదు. ముక్కలు ఉడకబెట్టాను. మెత్తగా చిదిమాను. వేరుశనగ గింజలు వేయించి మిక్సీలో వేశాను. గుడ్లు మూడు. సోడా, సగం నిమ్మకాయ, ఉప్పు, యాలకుల పొడి. కుక్కర్ అడుగున ఇసక పోసి, దాని మీద గిన్నె పెట్టి సన్న సెగ మీద ఉంచమంది కెజియా. రేవులోంచి ఇసక తెచ్చాను. మనకు ఇసకకు కరువా?

గంట తర్వాత మూత తీశాను. రొట్టె పొంగింది. ఇల్లంతా ఎండు చేపల వాసన.

ఆ ఇసక మీదే కదా చేపలు ఎండబెట్టేది. నాకు తట్టలేదు.

పేరమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. ఏందయ్యా ఇది, రొట్టా, సావిడాయ చేపా అంది. ఇది టీలో కాదు, పులుసులో ముంచుకోని తినాల అంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

అక్టోబరు 24

రెండో వాయి. ఇసక బదులు కల్లుప్పు పోశాను. వాసన లేదు. మధ్యలో పచ్చిగా జావలాగా ఉంది. గుమ్మడి నీళ్ళు పిండలేదని కెజియా చెప్పింది. మిక్సీ ఎక్కువసేపు తిప్పితే గింజలు నూనె కక్కుతాయట, అది కూడా.

నాకు దాహం ఎక్కువగా ఉంటోంది. ఉక్క.

అక్టోబరు 30

మూడో వాయి కుదిరింది. గుమ్మడి గుజ్జును పాత పంచెలో వేసి గట్టిగా పిండాను. చీపురు పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి వచ్చింది.

పేరమ్మ టీలో ముంచుకుని తిన్నది. బన్ను కాదు, అయినా గొంతు దిగతా ఉండాది అంది. ఆమె అలా అన్నదంటే బాగున్నట్టే.

ఈ పొద్దున 214.

నవంబరు 2

ఒక అనుమానం వచ్చింది. గుమ్మడి కూడా తీపే కదా. ఆమె సుగర్ తగ్గేది మాత్రలతోనా? ఈ రొట్టె లోపల్లోపల పెంచుతోందా? కొత్త నీళ్ళలో దిగేటప్పుడు ముందు నేను దిగి లోతు చూసి, తర్వాతే పడవను రానిచ్చేవాణ్ణి. అందుకని ఈరోజు రెండు ముక్కలు నేను తిని, గంట ఆగి, నా వేలు గుచ్చుకున్నాను.

341.

మిషన్ చెడిపోయిందనుకున్నాను. ఇంకో వేలు గుచ్చాను. 338.

నవంబరు 3

రొట్టె చేయలేదు. పిండి అయిపోయిందని చెప్పాను. నా చేత్తో ఆమెకు విషం పెట్టానా?

నవంబరు 7

నాలుగు రోజుల నుంచి రొట్టె లేదు. పేరమ్మ గోడ పట్టుకుని తానే చెంచయ్య కొట్టుకు పోయి బన్ను తెచ్చుకుంది. ఈరోజు ఆమెకు 247.

నవంబరు 8

కెజియా ముందు పేజీలు చూసి నన్ను నిలదీసింది. దిగతా ఉన్న నెంబరు మళ్ళీ ఎందుకు ఎక్కింది తాతా అని. రొట్టె మానేశానని చెప్పాను. ఎందుకని అడిగింది. తిన్నాక సుగర్ ఎక్కుతుందేమో అన్నాను. ఎవరికి ఎక్కిందో చెప్పలేదు. తినేదానికి ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి చూస్తేనే రొట్టె పని ఏందో తెలుస్తాది, ఒక్కసారి చూసి ఏం లెక్క తాతా అది అంది.

నవంబరు 9, పొద్దున ఐదు

పేరమ్మ లేవలేదు. ఏమీ తినకముందు గుచ్చుకున్నాను. 298.

అదే రోజు, ఎనిమిది

నిన్న రాత్రి మళ్ళీ రొట్టె చేసి పెట్టాను. ఆమెకు తినకముందు 243. రొట్టె తిన్నాక రెండు గంటలకు 251. రొట్టె వల్ల పెద్దగా ఎక్కలేదు.

రొట్టె తప్పు కాదు. తప్పు నాలో ఉంది.

కూర్చుని ఆలోచించాను. మాకు పిల్లలు లేరు. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా మా ఇంటికి తీపి పంపుతారు. పెళ్ళి లడ్డూలు, సీమంతం మిఠాయి, గంగమ్మ పొంగలి, కెజియా వాళ్ళ కేకు. పేరమ్మకు సుగర్ వచ్చి ఆరేళ్ళు. ఇచ్చినది వద్దనలేను. పారేస్తే పాపం. ఇంట్లో ఉంటే ఆమె చేయి వాటి మీదికి పోతుంది. అందుకని ఆరేళ్ళ నుంచి ఆమె వాటా కూడా నేనే తింటున్నాను. గబగబా, నిలబడి, రుచి కూడా చూడకుండా. ఇప్పుడు బన్ను కూడా. ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. రాత్రుళ్ళు నాలుగుసార్లు లేస్తుంటే వయసు అనుకున్నాను. చొక్కా వదులైతే ఉతికి ఉతికి సాగింది అనుకున్నాను.

ఈ సంగతి ఇప్పుడు చెప్పకూడదు. చెబితే పేరమ్మ ముందు నీది చూపించుకో, నా కన్ను ఆగుతాది అంటుంది. నాకు తెలుసు ఆమె సంగతి. డిసెంబరు 11 దాటిపోతుంది. ఆపరేషన్ కానీ. ఆ తర్వాత చెబుతాను.

నా నెంబర్లు వెనక పేజీల్లోనే ఉంటాయి.

నవంబరు 15

చెంచయ్యకు చెప్పాను. మూడు రోజులు పట్టింది. కొట్టు ముందు దాకా పోయి తిరిగి వచ్చాను, రెండుసార్లు. ఈరోజు కాగితం పొట్లం చాపగానే బన్ను వద్దు అన్నాను. అంతే అన్నాను. చెంచయ్య కళ్ళు పెద్దవి చేసి, ఏంది కామాక్షన్నా, నీకు మాటలొచ్చా అన్నాడు. అందరూ నవ్వారు. ఇంట్లో వంట నువ్వేనంట గదా, వదినకి రిటైర్‌మెంట్ ఇచ్చినావా అన్నాడు. అవునన్నాను. ఇంకెవరూ నవ్వలేదు. ఎందుకో తెలియదు.

నవంబరు 19

ఆమె 196. నేను 274.

రొట్టె ఇద్దరం తింటున్నాం. ఐదు రోజులకు ఒక వాయి సరిపోవడం లేదు. మూడు రోజులకే అయిపోతోంది.

నవంబరు 22

వాన. సముద్రం మీద ఎవరూ లేరు. గ్యాస్ అయిపోయింది. కట్టెల పొయ్యి మీద కుక్కర్ పెట్టాను. అడుగు మాడింది. మాడినంత మేర కోసి నేను తిన్నాను.

నవంబరు 26

రాకెట్ వదిలారు. వేటకు పోవద్దన్నారు కాబట్టి ఊరంతా ఒడ్డునే ఉంది. పేరమ్మ కూడా వచ్చి నిలబడింది. చప్పుడు వినపడగానే తల ఎత్తింది. అందరూ ఒక పక్క చూస్తున్నారు. ఆమె ఇంకో పక్క చూస్తోంది. గడ్డం పట్టి తిప్పాలనిపించింది. అందరూ ఉన్నారు. తిప్పలేదు.

డిసెంబరు 1

స్ట్రిప్పులు అప్పుడే అయిపోయినాయా తాతా అని కెజియా అడిగింది. కొన్ని తడిసిపోయాయని చెప్పాను. వాన కదా, నమ్మింది. పేరమ్మ పక్కనే కూర్చుని వింటోంది.

డిసెంబరు 10

ఆమె 162.

రేపు పొద్దున ఐదున్నరకు ఆటో. కెజియా కూడా వస్తోంది. రెండు ముక్కలు కాగితంలో చుట్టి సంచిలో పెట్టాను.

డిసెంబరు 12

ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాం. నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆస్పత్రిలో ఆమె సుగర్ చూశారు. 171. డాక్టరమ్మ సరే అంది. కంట్లో చుక్కలు వేశారు. పచ్చ గౌను తొడిగారు. వరండాలో బెంచీ మీద వరసగా కూర్చోబెట్టారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు లోపలికి పోవాలి.

పేరమ్మ పేరు పిలిచారు. లేవలేదు. సిస్టర్ వచ్చి రా అవ్వా అంది. రాను అంది పేరమ్మ. భయమా అని అడిగింది సిస్టర్. నాకేం భయం, ముందు ఈయనకి చూడండి, ఆ తర్వాతే నా కన్ను ముట్టుకోండి అంది.

కెజియా ఏంది అవ్వా, ఏం మాట్లాడతా ఉండావు అంది. అప్పుడు పేరమ్మ గొంతు పెంచింది. వరండా చివర దాకా వినపడింది. మా ఇంట్లో ఆ మిషను పొద్దున పూట రెండుసార్లు కూస్తా ఉండాది, నెల పైనైంది, ఒకటి నాది, రెండోది ఎవురిదో ఆయన్నే అడగండి అంది. నాకు కళ్ళు లేవు గానీ చెవులు లేవా అంది. రేత్రి ఎన్నిసార్లు తలుపు తీస్తాడో, ఎన్ని చెంబుల నీళ్ళు తాగతాడో నాకు తెలీదా అంది.

బెంచీల మీద పాతికమంది ఉన్నారు. సగం మందికి కళ్ళకు కట్లు. అందరూ నావైపే తిరిగారు. అంతమంది నావైపు తిరగడం పెళ్ళిలో కూడా లేదు.

డేట్ పోతాది అవ్వా, లోపలికి పోదాం, తాత సంగతి తర్వాత నేను చూసుకుంటా అని కెజియా బతిమాలింది. పేరమ్మ బెంచీ రెండు చేతులా పట్టుకుంది. కన్ను తెరిపించుకోని ఈయన మంచాన పడేది చూడాల్నా అంది.

నేను వేలు చాపాను. ఇంకేం చేయను. సిస్టర్ గుచ్చింది. 283. డాక్టరమ్మే బయటికి వచ్చింది. ఎప్పట్నుంచి అని అడిగింది. కెజియా నన్ను చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. డాక్టరమ్మ వాళ్ళ ఆస్పత్రిలోనే ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన చూసి మాత్రలు రాశాడు. కెజియా పరుగున పోయి తెచ్చింది.

ఇంత జరిగేసరికి గంటన్నర. పేరమ్మ ఆ బెంచీ మీదే కూర్చుంది. తన తర్వాతి వాళ్ళందరూ లోపలికి పోయి వచ్చారు. డాక్టరమ్మ ఆమె కోసం ఆగింది. విసుక్కోలేదు. నేను తిరిగి రాగానే పేరమ్మ చేయి చాపి నా నోరు వెతికింది. మాత్ర తనే నోట్లో వేసింది. నీళ్ళు మింగిన చప్పుడు అయ్యేదాకా చేయి నా గొంతు మీద పెట్టి ఉంచింది. పాతికమంది ముందు. అప్పుడు లేచింది.

లోపలికి పోతూ నాతో ఒక్క మాట అంది. నాకు చెప్పకుండా నువ్వు యాడ దాచినా అది నా ఇల్లేనయ్యా అంది.

నలభై నిమిషాల తర్వాత కంటికి కట్టుతో బయటికి వచ్చింది.

డిసెంబరు 14

నిన్న కట్టు తీశారు. ఇంటికి వచ్చాం.

ఈ పొద్దున ప్లేటులో రొట్టె ముక్క పెట్టి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఇదా నేను ఇన్నాళ్ళు తినింది అంది. చూసుంటే ముట్టుకునేదాన్ని కాదంది.

తర్వాత నన్ను కూడా అలాగే చూసింది. పైనుంచి కింది దాకా. చాలాసేపు.

రొట్టె టీలో ముంచుకుంది.