సీసా అడుగు చెంచా

3 జూన్ 1861, సోమవారం

దుప్పట్లు ఆరు, గలీబులు ఎనిమిది, ఆయన చొక్కాలు ఐదు. రెండు దుప్పట్లు తప్ప అన్నీ ఉతికించాను.

బట్టలుతికే జెమైమా నాలుగు నెలల పిల్లాణ్ణి చంకనేసుకొచ్చింది. వాడు పొద్దుట్నుంచీ ఒకటే గుక్క. వీణ్ణి కన్నానో చర్చి గంటని కన్నానో తెలీడం లేదమ్మగారూ అని నవ్వింది. కాగులో నీళ్లు చల్లారిపోతున్నాయి. అలమరలో నల్లమందు సిరప్ ఉంది. మా ముగ్గురు పిల్లలూ చిన్నప్పుడు దాంతోనే నిద్రపోయేవాళ్లు. సీసా అడుగున ఒక్క చెంచా మిగిలింది. పారబోయడం దేనికని పట్టేశాను. ఇట్టే నిద్రపోయాడు. మీది చల్లని చెయ్యి అంది జెమైమా.

మూడింటికి పాలకి లేపితే లేవలేదు. భుజాన వేసుకుని ఇంటికి పరుగెత్తింది. రెండు దుప్పట్లు మిగిలింది అందుకే.

4 జూన్

పిల్లాడు పోయాడు.

5 జూన్

ఈ పేటలో చావులు నమోదు చేసేది మా ఆయనే, మా ముందుగదిలోనే. జెమైమా వచ్చింది. ఏం జబ్బన్నారు ఆయన. నిద్రలోనే పోయాడయ్యా అంది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడా అన్నారు. ఏమో, కాస్త అంది. 'మూర్ఛ' అని రాశారు. చదువు రాదు కనుక ఇంటూ గుర్తు పెట్టింది.

వెళుతూ నా చెయ్యి పట్టుకుంది. మీ మందు పుణ్యమా అని చివరిపూట ఏడవలేదమ్మగారూ అంది.

20 జూన్

సిరప్, కొత్త సీసా ఒకటి. కొట్టు ముసలాయన, బాగా ఊపి పొయ్యండమ్మా, నల్లమందంతా అడుక్కి దిగుతుంది, ఆ అడుగు చెంచా గుర్రాన్నైనా పడుకోబెడుతుంది అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.

భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను. సూప్ తాగడం ఆపలేదు. పిల్లాడు పోయింది జెమైమా ఒళ్లో, విచారణ పెడితే నలుగురూ నమ్మేది నీ మాటా, దాని మాటా అన్నారు. రాసింది రాసిందే అన్నారు.

ఉప్పు తక్కువైందన్నారు.

6 జూలై

మూడు నెలల చావుల నకలు పై ఆఫీసుకి పంపాలి. దస్తూరీ బాగుంటుందని ఎప్పుడూ నేనే రాస్తాను. మొత్తం నూట పన్నెండు. అందులో మూర్ఛతో పోయిన పసిపిల్లలు పంతొమ్మిది మంది. ఇదివరకెప్పుడూ లెక్కపెట్టలేదు. ఎన్ని ఇళ్లలో ఎన్ని సీసాలో.

ఎడ్విన్ టబ్, నాలుగు నెలలు. కారణం గడి దగ్గర కలం ఆగింది. రెండుసార్లు సిరాలో ముంచాను.

మూర్ఛ అనే రాశాను. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి.

8 జూలై, సోమవారం

జెమైమా ఒంటరిగా వచ్చింది. మూటలో అలాగే ఉన్న ఆ రెండు దుప్పట్లూ అడిగి మరీ ఉతికింది. కూలి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆరోజే పూర్తిగా ఇచ్చారు కదమ్మగారూ, నేనే మీకు బాకీ పడ్డాను అంది.

దుప్పట్లు రెండు. బాకీ చెల్లు.