ఎర్తు పట్టీకి బొట్టు

27 జనవరి 1947, సోమవారం

పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. వీధి చివర రైలు గేటు కనబడలేదు. కొట్లో బెల్లం దిమ్మలు దింపించేసరికి మధ్యాహ్నమైంది. మన పాత కారు మళ్లీ మొరాయించింది. విజయనగరం నుంచి మెకానిక్కు గంగులు వచ్చి చూశాడు. బ్యాటరీ కొత్తదే, డైనమో మంచిదే. మరి రోగం?

"బ్యాటరీ నుంచి బండి సట్రానికి ఈ రాగి పట్టీ ఉన్నాది సూడండి బాబూ. దీన్నే ఎర్తు అంటారు. దీని మొదలు కాడ తుప్పట్టేసింది. కరెంటు ఎళ్లడానికి దోవ ఉన్నాది, తిరిగి రావడానికి లేదు. ఇంకేటి సేస్తాది?"

గీకాడు, నట్టు బిగించాడు. స్టార్టరు ఒక్క నొక్కుకే ఇంజను లేచింది! వారానికోసారి గరుకు కాగితంతో గీకి, బిగించి, వాసలీను రాస్తే చాలునట.

వారానికి కాదు. రోజూ చేస్తాను. నా చేతులతో, కొట్టు తెరవకముందు.

ఫిబ్రవరి పదిన బొబ్బిలిలో నా బావమరిది నగరేశ్వరరావు పెళ్లి. ఊరేగింపు మన కారులోనేనని మాటిచ్చాను. కిందటేడు బొబ్బిలి స్టేషను ముందు మా ఆవిడ కన్యాకుమారి పట్టుచీరతో దిగి కారు తోసింది. ఇంటికొచ్చాక ఒకటే మాటంది. "మా పుట్టింటి ఊళ్లో ఇంకొక్కసారి దీన్ని తోయించారా, మళ్లీ ఇందులో కాలు పెట్టను." ఆమె ఒకసారి అన్న మాట రెండోసారి అనదు.

28, మంగళవారం

గీకాను. బిగించాను. ఒక్క నొక్కు! ఇంత చిన్న పని ఇన్నాళ్లు ఎందుకు చేయలేదో.

వాసలీను లేదు. రేపు తెప్పించాలి.

ఇంజను తిప్పే హ్యాండిలు అటక మీద పెట్టించాను. కిందటేడు అది వెనక్కి తన్ని గుమస్తా జగన్నాధం మణికట్టు విరిగింది. ఇక దాంతో పనేముంది?

29, రథసప్తమి

గరుకు కాగితం మంచుకి నానిపోయింది. అయినా మానలేదు! అమ్మ ఇత్తడి బిందెలు తోమే చింతపండు, ఉప్పు తెచ్చి పట్టీని తోమాను. బంగారంలా మెరిసింది. గంగులుకి ఇది తట్టలేదు.

సూర్యుడికి పరమాన్నం నివేదన చేసి అమ్మ కారు దగ్గరికి వచ్చింది. "ఇదీ రథమే కదరా చినబాబూ" అని పూజ మొదలుపెట్టింది. తెరిచి ఉన్న బానెట్టులోకి తొంగి చూసి, "ఇదేటిరా, ఉత్సవ విగ్రహంలాగ ఉన్నాది!" అని పట్టీకి మందంగా పసుపు పట్టించి, కుంకుమ బొట్టు పెట్టింది.

నాకు సంతోషమే అయింది. పసుపు పట్టాక వాసలీను ఎందుకు?

31, శుక్రవారం

పానా, కొత్త గరుకు కాగితం పట్టుకుని వెళ్లాను. అమ్మ చూసింది.

"శుక్రవారం పూట పసుపు కుంకం గీకేస్తావేటిరా? ఇంట్లో పెళ్లి పెట్టుకుని?"

అదీ నిజమే. పానా లోపల పెట్టేశాను. కారు రెండో నొక్కుకి లేచింది.

1 ఫిబ్రవరి

ఇవాళ శుక్రవారం కాదు. కాని పెళ్లి ముందున్న మాట నిజమే కదా.

3, సోమవారం

నాలుగో నొక్కు. చలి. చలికి మనుషుల కీళ్లే పట్టేస్తాయి.

"రోజూ చేస్తున్నారా?" అని కన్యాకుమారి అడిగింది.

"రోజూ చూస్తున్నాను" అన్నాను. అబద్ధం కాదు. బానెట్టు ఎత్తి చూస్తున్నాను. బొట్టు బాగానే ఉంది.

5, బుధవారం

ఎన్ని నొక్కులైనా లేవలేదు. కాని తోయించలేదు! రైలు గేటు దగ్గర పల్లం ఉంది. నిన్న సాయంత్రం అక్కడే నిలిపాను. బ్రేకు వదిలి, దొర్లుతుండగా గేరు వేస్తే దానంతట అదే లేచింది. ఎవరి చెయ్యీ పడలేదు. ఈ ఉపాయం ముందే తోచి ఉంటే గంగులుని పిలిచేవాణ్ణే కాదు.

ఇకనుంచి కారు స్థలం అక్కడే.

7, శుక్రవారం

గేటు కాపలా నూకయ్య నవ్వుతున్నాడు. "నీరు పల్లమెరుగు అంటారు. బాబుగారి కారు కూడా పల్లమే ఎరుగు."

నవ్వనీ. శుక్రవారం కాబట్టి పట్టీ ముట్టుకోలేదు.

9, ఆదివారం

పల్లం నుంచి బయలుదేరాం. అమ్మ, కన్యాకుమారి వెనక. దారిలో ఎక్కడా ఇంజను ఆపలేదు. కాఫీకి కూడా దిగనివ్వలేదు.

మామగారి వీధి పళ్లెంలా చదునుగా ఉంది. పన్నెండేళ్లుగా వస్తున్నాను, ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు.

11, మంగళవారం

నిన్న రాయలేకపోయాను.

మామగారింటి దగ్గర అయిదో నొక్కుకి లేచింది. నగరేశ్వరరావు బాసికం కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. సన్నాయి మేళం ముందు నడిచింది. మొదటి చుట్టాల ఇంటి ముందు ఆడవాళ్లు హారతి తెచ్చారు. మామగారు నా చెవిలో, "హారతి అయినంతసేపూ ఇంజనాపండి అల్లుడుగారూ. పెట్రోలు కూపన్లు ఎక్కడ దొరుకుతన్నాయి?" అన్నారు. ఆపాను.

మొదటి ఇంటి దగ్గర లేచింది. రెండో ఇంటి దగ్గర మూలిగి లేచింది. మూడో ఇంటి దగ్గర టిక్కుమంది, అంతే. దీపాలు చమురు అయిపోయినట్టు కుంగిపోయాయి. హ్యాండిలు గజపతినగరంలో మా ఇంటి అటక మీద ఉంది.

"బావా, ఏటైనాది?"

"హారతి తీరిగ్గా ఇవ్వనీ."

తీరిగ్గానే ఇచ్చారు. రెండోసారీ ఇచ్చారు. కర్పూరం అయిపోయింది. కన్యాకుమారి వచ్చి బానెట్టు ఎత్తమంది. గ్యాసు లైటు వెలుగులో పసుపు పెచ్చు లేచిపోయి ఉంది. కింద పట్టీ నాచులా పచ్చబడింది. మధ్యలో ఒక చింతపండు పీచు.

"రోజూ చూస్తున్నది ఇదేనా?"

"అమ్మ పసుపు పెట్టింది కదా అని..."

"పసుపు అత్తయ్య పెట్టారు. చింతపండు కూడా ఆవిడే పెట్టారా?"

మేళగాళ్లు డోళ్లు, సన్నాయిలు కారులో పెట్టి తోశారు. కాబట్టి వాయించేవాళ్లు లేరు. గేరు వేసి చూసినా ఇంజను లేవలేదు. పెళ్లికొడుకు దిగి పక్కన నడిచాడు. పెళ్లికూతురి మేనమామ అరుగు మీంచి కేకేశాడు. "ఒరే, పెళ్లికొడుకుని ఊరేగిస్తన్నారా, కారునా?"

ముహూర్తం తప్పలేదు. కన్యాకుమారి మళ్లీ ఏమీ అనలేదు.

12, బుధవారం

మంచు లేదు. ఎండ బాగుంది. పట్టీ మీది పసుపు నేనే గీకాను. ఎవర్నీ అడగలేదు. పచ్చదనం కూడా వదులుతుందని గట్టిగా రుద్దితే పట్టీ రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. గంగులుకి కబురు పంపాను. కొత్త పట్టీతో వస్తాడు. వాసలీను కొన్నాను. కొత్తది వేసిన నాటి నుంచి వారానికోసారి గీకి, బిగిస్తాను. కాదు, రోజూ.

అమ్మ, కన్యాకుమారి పొద్దున్న ఏడున్నర రైలుకి గజపతినగరం వెళ్లిపోయారు.