ఎర్రగా కాల్చిన కడ్డీ

నరసరావుపేట, 1964 జూలై, మంగళవారం.

వానలో తడిసిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గిన్నెలోకి నూనె పట్టి ఓవర్సీయరు గారికి చూపించాను.

"తేటగానే ఉందిగదయ్యా కరీమూ! కరెంటియ్యి, రైసుమిల్లోళ్లు పీక్కు తింటన్నారు," అన్నారు.

నేను ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి ఆ నూనెలో ముంచాను. చిటపటమంది. అంటే నీళ్లు చేరాయి.

"ఇన్నారా సార్? ఇప్పుడు స్విచ్చేస్తే పేలిద్ది."

"నువ్వేమన్నా ఇంజనీరువంటయ్యా? మెమో ఇస్తా!"

"ఇయ్యండి. నూనె కాచి వడకట్టిందాకా స్విచ్చు తాళంచెవి నా జేబులోనే ఉంటది," అని వచ్చేశాను.

ఉద్యోగం ఊడుతుందేమోనని ఇప్పుడు గుబులుగానే ఉంది. కానీ నిరుడు కారంపూడిలో ఇలాంటి తేట నూనెనే నమ్మి, ఈ ఓవర్సీయరు గారే వెయ్యమంటే స్విచ్చేసి కుడిచెయ్యి కాల్చుకున్నాను. అప్పుడు ఎవరికీ మెమో రాలేదు.

రేపు రానీ. ఈ కాలిన చేత్తోనే సంతకం పెట్టి తీసుకుంటాను.