శాలోమికి చేతకాని పనులు

చోడవరం, జూన్ 3

గౌతమి మేడమ్ గారికి ప్రభువు పేరట శాలోమి వందనాలు.

ఫోన్లో అడిగితే బాగున్నానని చెప్పి ఊరుకుంటాను కాబట్టి, వారానికో పని ఎవరి సాయం లేకుండా చేసి, మనసులో ఏమనిపించిందో ఉత్తరం రాయమని మొన్న వికలాంగుల క్యాంపులో చెప్పారు కదా. అదే రాస్తున్నాను. ముప్పయ్యారేళ్లు మా అమ్మ టీ కలిపి చేతికిచ్చింది. పోలియో నా కాళ్లకే వచ్చిందనీ, చేతులకు రాలేదనీ మా ఇద్దరికీ తట్టనే లేదు. అమ్మ పోయి నాలుగు నెలలు.

మొదటి పని టీ. చంకకర్రలు గోడకు ఆనించి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. అమ్మ ఉంటే తిట్టేదనిపించింది. తిట్టేవాళ్లు లేని ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దగా వినబడుతుందండి.

ఇట్లు,
శాలోమి

తా.క. పక్కింటి నరసమ్మ "ఏటైందే గుంటా, గేసు వాసనొస్తంది" అని పరిగెత్తుకొచ్చి, మిగిలిన టీ తాగి మెచ్చుకుంది. నేను పంచదార వెయ్యడం మర్చిపోయాను. ఆవిడకి షుగరు.

విశాఖపట్నం, జూన్ 8

శాలోమి గారికి నమస్కారం.

పొంగితే పొంగనివ్వండి. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని, కూర్చుని చెయ్యండి. టీ తర్వాత అన్నం వండటం, బజారుకెళ్లడం, ఆటో ఎక్కడం. ఈ నాలుగూ వచ్చేస్తే మీ థెరపీ పూర్తయినట్టే. ఫైలు మూసేస్తాం. ఇక నాతో పనే ఉండదు!

మీ మేలు కోరే,
గౌతమి

తా.క. కవరు మీద నా పేరు బదులు "మనసు డాక్టరమ్మ" అని రాశారు. మా ఆఫీసులో ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు.

చోడవరం, జూన్ 15

మనసు డాక్టరమ్మ గారికి వందనాలు.

స్టూలు విరిగింది. నేను విరగలేదు. టీ మాత్రం రాలేదు. అన్నం సంగతి ఎత్తకండి. ఇంకాస్త వివరంగా రాస్తే నాకు అర్థమవుతుందేమో. పోయినసారి కాగితం వెనకవైపు ఖాళీగా వదిలేశారు.

ఇట్లు, ఏమీ రాని
శాలోమి

తా.క. మా పోస్ట్‌మేన్ గణపతిరావు గారు వీధి మొదట్లోంచే "శాలోమమ్మా, ఉత్తరం!" అని కేకేస్తారు. ఊరంతా వింటుంది. మెల్లిగా పిలవమని నేను చెప్పలేదు.

విశాఖపట్నం, జూన్ 21

శాలోమి గారికి నమస్కారం.

ఈసారి రెండువైపులా రాశాను. ఇనప స్టూలు పంపిస్తున్నాను. ఇంతకీ మీ ఉత్తరాలు ఎవరు పోస్టు చేస్తున్నారు?

మీ
గౌతమి

చోడవరం, జూన్ 29

మేడమ్ గారికి వందనాలు.

స్టూలు అందింది. దాని మీద కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. బజారుకని బయల్దేరి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆటో చప్పుడు వింటేనే భయం. ఉత్తరాలు నరసమ్మ వేస్తోంది.

ఇట్లు,
శాలోమి

తా.క. మరీ ఇనపది పంపించారేమండీ? దీన్ని విరగ్గొట్టడం కష్టం.

విశాఖపట్నం, జూలై 5

శాలోమి గారికి నమస్కారం.

నెల దాటినా మీరు టీ కూడా పెట్టుకోలేకపోతే ఏం తింటున్నారో తలుచుకుంటే నాకు భయమేస్తోంది. మా వాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నాం. ఇక్కడ హాస్టల్లో ఒక మంచం ఖాళీ ఉంది. వచ్చే సోమవారం బండి వస్తుంది. బట్టలు సర్దుకోండి. తప్పు మీది కాదు, నాకే నేర్పడం చేతకాలేదు.

మీ
గౌతమి

విశాఖపట్నం, జూలై 11

గౌతమి గారూ,

పైన విశాఖపట్నం అని రాసింది పొరపాటు కాదు. మీ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఇంకెవరితోనో మాట్లాడుతున్నారు. నోటితో చెబితే ఏడుస్తానని కాగితం అడిగి తీసుకున్నాను.

టీ రెండోసారికే వచ్చింది. అన్నం ఆ వారమే. స్టూలు విరగలేదు. నరసమ్మ నెల కిందటే రావికమతంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఉత్తరాలన్నీ నేనే పోస్టాఫీసుకు నడిచి వెళ్లి వేశాను. వచ్చేటప్పుడు బజార్లో వంకాయలు కొనుక్కునేదాన్ని. ఈ ఉదయం ఆటో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్సుకీ, బస్సెక్కి ఇక్కడికీ వచ్చాను.

అన్నీ వచ్చేస్తే ఇక మీతో పనుండదన్నారు. అమ్మ పోయాక నన్ను పేరు పెట్టి పిలిచేది పోస్ట్‌మేన్ ఒక్కరే. అదీ మీ ఉత్తరం ఉంటేనే. అందుకని ఉత్తరాల్లో టీ ఒలకబోస్తూ వచ్చాను. మీకు నేర్పడం చేతకాలేదని రాసేసరికి ఉండలేకపోయాను.

ఆ మంచం ఎవరికైనా అవసరమైనవాళ్లకివ్వండి. ఫైలు మూసెయ్యండి. ఉత్తరం మాత్రం అప్పుడప్పుడూ రాయండి, ఒకవైపే రాసినా ఫర్వాలేదు.

ఇట్లు, అన్నీ వచ్చిన
శాలోమి

తా.క. మీ అటెండరు పెదబాబు మంచివాడు. "మెట్లున్నాయమ్మా, ఎత్తుకెల్లి లోపల కూకోబెట్టీమంటావేటి?" అనడిగేడు. "అక్కర్నేదు బాబూ, ఆ తలుపు తీసి పట్టుకో, సాలు" అన్నాను. వస్తున్నాను.