బొట్టు పెట్టిన లక్ష్మి బొమ్మలు

నంద్యాల, 2006, శుక్రవారం రాత్రి

ఇంటర్నెట్ వేలంలో అమ్మిన లక్ష్మి బొమ్మల డబ్బు ఈరోజు బ్యాంకులో పడింది. ముప్పై ఎనిమిది వేలు! పాస్‌బుక్ మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

చనిపోయిన మామగారు ఆళ్లగడ్డలో నడిపిన బట్టల అంగడికి మిల్లు తానులు వచ్చేవి. మిల్లు గుర్తుగా వాటి మీద అంటించిన రంగుల బొమ్మ కాగితాలే ఇవి. లక్ష్మి ఉన్న కాగితాన్ని పారేయకుండా ఊడదీసి, బొట్టు పెట్టి దాచేది అత్తమ్మ. ఆ కుంకుమే నన్ను భయపెట్టింది.

"మరకలుండాయంటే ఎవురూ కొనరక్కా, రాయొద్దులే" అన్నాడు నెట్ సెంటర్ నడిపే మా తమ్ముడు శీను. నేను వేలం ప్రకటనలో ఉన్నదున్నట్టే రాయించాను. తీరా ఆ బొట్టు చూసే, పూజలందుకున్న అసలు పాతవని, ఇలాంటివి సేకరించే ఇద్దరు పోటీపడి పాట పెంచారట. కొన్న బొంబాయి ఆయన, బొమ్మలు అందాయి, బాగున్నాయి అని కబురు పంపాడు. ఇక తిప్పి పంపుతాడన్న దిగులు లేదు.

కంటి ఆపరేషన్ మాట ఎత్తితే ఏడాదిగా అత్తమ్మది ఒకటే మాట, "నా కొడుకు దుడ్లు ఈ ముసలి కంట్లో పోస్తావా?" అని. ఈరోజు డబ్బు సంగతి చెప్పగానే తడుముకుంటూ లేచి కూర్చుంది.

"అంటే ఇవి నా మొగుని అంగడి దుడ్లు."

"అవునత్తా, నీవే."

"మరింకేం చూస్తాండావే? సోమవారం పోదాం పా."

ఆపరేషన్‌కు భయపడుతోందనుకున్నాను ఇన్నాళ్లూ. డాక్టరుకు తన చేత్తోనే ఇస్తుందట, తెచ్చి కొంగున కట్టమంది. బ్యాంకులో అన్నీ వంద నోట్లే ఇస్తే ఆ కొంగులో ఎలా పడతాయో...