జత లేని కాగితం

జూన్ 3, మంగళవారం

అన్నయ్యకు,

నమస్కారాలతో నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు, వదిన, పిల్ల కులాసాగా ఉన్నారని మొన్న అమ్మ నోట విన్నాను. నీ నోట వినే యోగం ఇంకా పట్టలేదు. ఫోన్లో బోర్డు అన్న మాట వచ్చిందంటే చాలు, వర్క్‌షాపులో మిషను ఆడుతోంది మళ్లీ మాట్లాడతానని పెట్టేస్తావు. ఉత్తరమైతే చించి పారెయ్యగలవేమో గానీ మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకే ఈ కాగితం.

విశేషం ఏమిటంటే, మా సాంకేతిక విద్యా బోర్డు పనంతా కంప్యూటర్లకి ఎక్కించాలని టెండరు పిలుస్తున్నారు. కంప్యూటర్లు లేక కాదు, ప్రతి బల్ల మీదా ఒకటుంది. కాకపోతే దేని దారి దానిదే, ఎడమొహం పెడమొహం కాపురం. ఒక గదిలో కొట్టిన అంకెని అచ్చు తీసి, ఆ కాగితం పట్టుకుని పక్క గదికి నడిచి, అక్కడ మళ్లీ కొడతాం. విద్యార్థి చేరిన రోజు నుంచి పట్టా చేతికందే దాకా అంతా ఒక్కచోటే జరిగిపోయేలా చేసిపెట్టే కంపెనీ కావాలట. మరి బిడ్లు వేసేవాళ్లకి మా పని ఇప్పుడు ఎలా నడుస్తోందో ముందు తెలియాలి కదా. ఆ వివరమంతా రాసే పని నా నెత్తిన పడింది. ఎలాగూ ఊరికే అందర్నీ ప్రశ్నలడిగి చంపుతుంటావు, ఇకనుంచి ఆఫీసు పనిగానే చంపు అన్నారు మా సూపరింటెండెంటు గారు.

చిన్నప్పుడు నువ్వు పెట్టిన ప్రశ్నల పుట్ట అనే పేరు ఊరికే పోలేదు. నోటుపుస్తకం పట్టుకుని వారం రోజులుగా బల్లబల్లకీ తిరుగుతున్నాను. మీ దగ్గరికి కాగితం ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని మీరేం చేస్తారు, తర్వాత ఎక్కడికి పంపుతారు, ఈ మూడే నా ప్రశ్నలు. హాల్‌టికెట్ల సెక్షన్లో ఒకాయన, రావాల్సిన చోటి నుంచి వస్తుంది, పోవాల్సిన చోటికి పోతుంది అని సెలవిచ్చాడు. పట్టాల సెక్షన్లో ఇంకొకాయన పదకొండేళ్లుగా ప్రతి పట్టా వెనకా చూడబడినది అని ముద్ర వేస్తున్నాడు. ఏం చూస్తారండీ అని అడిగాను. ముద్ర సరిగ్గా పడిందో లేదో చూస్తాను అన్నాడు. నవ్వుకోకు, పాపం చాలా శ్రద్ధగా చూస్తాడు.

నాకు మాత్రం ఇదంతా తమాషాగా ఉంది. ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఇవాళే వంటింట్లోకి తొంగిచూసినట్టుంది. ఇంటికొచ్చి కూడా ఇవే కబుర్లు చెబుతుంటే, అన్నం తినేటప్పుడైనా టెండరు మూసెయ్యమని మా ఆయన గోల.

నీతో పని పడింది ఇక్కడే. లేత్ ప్రాక్టికల్ మార్కులు మాకు రెండు కాగితాల మీద, వేర్వేరు రోజుల్లో వస్తాయి. రికార్డుకీ మౌఖిక పరీక్షకీ కలిపి నలభై మార్కుల కాగితం ముందొస్తుంది. విద్యార్థి లేత్ మిషను మీద ఇనుము కోసి చేసిన ముక్క, మీరు జాబ్ అంటారే, దానికి అరవై మార్కుల కాగితం తర్వాత వస్తుంది. ఒక్క పరీక్షకి రెండు కాగితాలు దేనికని ఎవర్నడిగినా, మొదట్నుంచీ అంతే అంటున్నారు. నువ్వు తప్పిన పరీక్ష అదేనని తెలిసీ అడుగుతున్నాను, తిట్టుకోకు. ఆ పరీక్ష రాసినవాడు మనింట్లో నువ్వొక్కడివే. ఒక్క ముక్క రాసి పడెయ్యి.

వదినని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు

జూన్ 14, శనివారం

అన్నయ్యకు నమస్కారాలు.

మేం క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను. నీ కార్డు అందింది. మూడే వాక్యాలు, అయినా పదిసార్లు చదివాను. కోత మీదున్న ఇనుము వేడికి సాగుతుందని, వేడి మీద కొలిస్తే అబద్ధం చెబుతుందని, అందుకే ముక్కల మీద నంబర్లు కొట్టి చల్లారనిచ్చి మర్నాడు బయటి పరీక్షకుడు మైక్రోమీటరుతో కొలుస్తాడని రాశావు. ఇంత చిన్న సంగతి మా భవనంలో ఉన్న నూట ఎనభై మందిలో ఒక్కరికీ తెలియదు. టెండరు కాగితంలో ఉన్నదున్నట్టు ఎక్కించాను, ఇనుము అబద్ధాలాడటం ఒక్కటీ తీసేసి.

మొన్న బిడ్ల ముందు సమావేశం జరిగింది. బిడ్ వెయ్యాలనుకునే కంపెనీల వాళ్లు వచ్చి సందేహాలు తీర్చుకునే రోజన్నమాట. పొడుగు బల్లకి ఆ చివర మా కార్యదర్శి గారు, ఈ చివర నేను, మధ్యలో నాలుగు కంపెనీలు. అందరూ సర్వర్లెన్ని, గడువెంత అని అడుగుతుంటే, ఒక కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి నేను రాసిన లేత్ పేజీ తీసి, ఈ రెండో కాగితం రాకపోతే ఏమవుతుందండీ అని అడిగింది. వస్తుంది అన్నారు కార్యదర్శి గారు. రాకపోతే అంది. ఎప్పుడూ వస్తుందమ్మా అన్నారు. ఆ పిల్ల వదిలితేనా. సరే, రాలేదని మీకెలా తెలుస్తుంది అని అడిగింది. అందరూ నా వంక చూశారు, రాసింది నేను కాబట్టి. నేను నా నోటుపుస్తకం వంక చూశాను. నాకు తోచని ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని సిగ్గేసింది.

సమావేశం అవగానే జత బల్ల దగ్గరికి పరుగెత్తాను. ఆ రెండు కాగితాలనీ కలిపి రిజిస్టర్లో మొత్తం ఎక్కించే బల్లకి మా దగ్గర ఆ పేరు. రెండోది లేకపోతే ఏం చేస్తారని అడిగితే, ఉన్నదాన్నే మొత్తంగా వేసేస్తాం అన్నారు. మరి రెండోది రాలేదని ఎక్కడ రాస్తారు అంటే, రాయడానికి చోటేదీ అన్నారు. అంటే ఏమిటో అర్థమైందా? అరవై మార్కుల కాగితం ఎక్కడైనా చిక్కుకుపోతే, నలభైకి వచ్చిన మార్కులే నూటికి వచ్చినట్టు పడిపోతాయి. గైర్హాజరని కూడా పడదు. ప్రాక్టికల్ మార్కులకి మళ్లీ కూడించుకునే వీలు కూడా లేదు. ఆ విద్యార్థి ఎవరిని పట్టుకుని అడుగుతాడు?

అప్పుడు, ఇరవై ఆరేళ్లుగా చెయ్యని పని చేశాను. రికార్డు గదికి వెళ్లాను. ఆ గది చూసుకునే పెద్దాయన్ని మేమంతా తాళాలాయన అంటాం. ఏ ఏడాదిది కావాలో చెబితే నిచ్చెనెక్కి దించి, తుడిచి ఇచ్చాడు. నీ హాల్‌టికెట్ నంబరు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. లేత్ ప్రాక్టికల్‌కి ఎదురుగా ముప్పై ఒకటి ఉంది. గట్టెక్కడానికి కావాల్సింది నలభై.

ఫలితాలొచ్చిన రోజు నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి నన్నొక్కటే అడిగావు. ఎక్కడో ఏదో తేడా జరిగింది, నువ్వు లోపలే పని చేస్తున్నావుగా, ఒక్కసారి చూసి చెప్పు అన్నావు. బంధువుల మార్కులు చూడకూడదు, రూలు ఒప్పుకోదు అన్నాను. నీతులు కూడా వల్లించినట్టు గుర్తు. నువ్వు మళ్లీ పరీక్షకి కూర్చోలేదు, మళ్లీ నన్ను ఏదీ అడగలేదు. నా పెళ్లికి అన్ని పనులూ నెత్తినేసుకుని చేశావు గానీ, ఒక గ్లాసు మంచినీళ్లు కూడా నన్నడిగి తాగలేదు. అది నాకు తెలియక కాదు.

ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఆ రోజు నీ జాబ్ కొలిచారా? నువ్వు చూశావా?

ఇట్లు,
నీ చెల్లెలు

జూన్ 25, బుధవారం

అన్నయ్యకు నమస్కారం.

కులాసా ప్రశ్నలు ఈసారికి వదిలేస్తున్నాను. నువ్వే ఫోన్ చేశావు, బోర్డు మాట నువ్వే ఎత్తావు. కొలిచారని, నీ కళ్లెదుటే కొలిచారని, ఆ బయటి పరీక్షకుడు మైక్రోమీటరు పక్కన పెట్టి, ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా అని అడిగాడని చెప్పావు. మీ పరీక్ష కేంద్రంలో ఒక లేత్ పాడై నలుగురు వారం ఆలస్యంగా పరీక్ష చేశారని, అందులో నువ్వొకడివని కూడా చెప్పావు.

మర్నాడే తాళాలాయన్ని అడిగాను, జత కుదరని కాగితాలు ఏమవుతాయని. పారేసే అధికారం ఎవరికీ లేదమ్మా, ఎక్కించే అధికారమూ ఎవరికీ లేదు, అందుకని గుడ్డసంచీలో వేసి ఉంచుతాం అన్నాడు. జత లేనివి అని సిరాతో రాసిన సంచీలు, ఏడాదికొకటి చొప్పున, వెనక అలమర మీద వరసగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎవరైనా విప్పారా అంటే, మీరే మొదలు అన్నాడు. నీ ఏడాది సంచీ మూడు మధ్యాహ్నాలు వెతికాను. తుమ్మితుమ్మి ముక్కు వాచిపోయింది. మూడో రోజు దొరికింది. అరచేతంత చిన్న కాగితం, నాలుగే నంబర్లు. నీ నంబరు పక్కన యాభై ఏడు.

అరవైకి యాభై ఏడు, అన్నయ్యా. ముప్పై ఒకటితో కలిపితే ఎనభై ఎనిమిది. మీ కేంద్రం రిజిస్టరంతా వేలు పెట్టి చూశాను, ఆ ఏడాది లేత్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. నేల మీదే కూర్చుని ఏడ్చాను. తాళాలాయన ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను వేశాడు, సంచీలోని కాగితాలన్నీ గదంతా ఎగిరిపోయాయి. ఏడుస్తూనే ఏరాను.

ఇక పని మాట. పదిహేనేళ్ల లోపు రికార్డులే కొత్త వ్యవస్థలోకి ఎక్కుతాయని టెండరులో ఉంది. అంతకు ముందువన్నీ, సంచీలతో సహా, కాగితం మిల్లుకి పోతాయి. ఆ వాక్యం రాసింది నేనే. పెద్దవాళ్లు చెప్పారు, రాశాను, ఎందుకని అడగలేదు. పాత రిజిస్టర్లలో దిద్దుబాట్లకి జూలై పది ఆఖరు రోజు. ఆ తర్వాత నీ ముప్పై ఒకటి ముప్పై ఒకటిగానే ఉండిపోతుంది, కాదనడానికి కాగితం కూడా మిగలదు.

అందుకని రెండు మార్పులు రాసి కార్యదర్శి గారి ముందు పెట్టాను. సంచీల్లో ఉన్నవన్నీ జత చూశాకే మిల్లుకి పంపాలి. కొత్త వ్యవస్థలో రెండో కాగితం అందకపోతే ఆ ఫలితం అసలు బయటికే రాకూడదు. ఆయన ముందు కసిరారు. బిడ్లు తెరిచే తేదీ ముంచుకొస్తుంటే ఇప్పుడు సవరణలేమిటి, ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడీ తవ్వకాలేమిటి అన్నారు. నేను వాదించలేదు. నీ కాగితం, రిజిస్టరు పక్కపక్కన పెట్టి ఊరుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఇలాంటివి ఇంకెన్నున్నాయి అని అడిగారు. ఆ సంగతి తెలియాలంటే సంచీలు విప్పాలి సార్ అన్నాను. సవరణ ప్రకటన మీద సంతకం పెట్టారు. ఆ అమ్మాయి కంపెనీకి పని దక్కుతుందో లేదో గానీ, ఆ పిల్ల ప్రశ్న మాత్రం టెండరులోకి ఎక్కింది.

ఆ చిన్న కాగితంలోని నలుగురిలో ఇద్దరు అప్పట్లోనే మళ్లీ రాసి గట్టెక్కారు. మూడో ఆయనకి బోర్డు ఉత్తరం పంపింది. నాలుగోవాడివి నువ్వు. దిద్దుబాటు దరఖాస్తు దీంతో జత చేస్తున్నాను. నువ్వు సంతకం పెట్టి పంపితేనే పని జరుగుతుంది. నలభై ఏడేళ్లొచ్చాక డిప్లొమా ఏం చేసుకోను అంటావని తెలుసు. శిక్షణ కేంద్రం వాళ్లు వర్క్‌షాపులో బోధించడానికి నిన్ను రెండుసార్లు పిలిచి, పట్టా లేదని ఆగిపోయారని వదిన చెప్పింది. నువ్వు మాత్రం చెప్పలేదు. ఆ ఉద్యోగం వద్దనుకుంటే వద్దు, నీ ఇష్టం. కానీ నీ వర్క్‌షాపుకి వచ్చిన ప్రతివాడితోనూ నేను లేత్‌లో తప్పిన లేత్ మేస్త్రీని అని ఒక హాస్యం ఆడతావే, అది వినలేక నేను ఎన్నిసార్లు లేచి అవతలికి పోయానో నీకు తెలియదు. ఇక దాన్ని నడవనివ్వను.

జూలై పదిలోగా అందాలి. ఆలస్యం చెయ్యకు, నీకు పుణ్యం ఉంటుంది.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఇది పైనే రాయాల్సింది. మూడు కాగితాలు చించాను, చేతకాలేదు. ఆ చిన్న కాగితం వెనక ఒక పొడి సంతకం ఉంది. అది నాది. తిప్పి చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆ ఏడాది నన్ను తాత్కాలికంగా తీసుకుని కొన్ని వారాలు జత బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. మన బంధువులు రాసే కేంద్రం కాగితం వస్తే మనం ఎక్కించకూడదు. వెనక పొడి సంతకం పెట్టి, బోర్లించి, చివరి బల్ల మీద పెట్టెయ్యాలి. ఎందుకు పెట్టామో ఎవరికీ చెప్పకూడదు. మీ కేంద్రం పెద్ద కాగితాలన్నీ అలాగే వెళ్లాయి, చివరి బల్లావిడ ఎక్కించింది. ఆలస్యంగా వచ్చిన ఈ చిన్నది నేను పెట్టిన రోజున ఆవిడ సెలవులో ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. అన్న మార్కులు కంటితోనైనా చూడలేదని పొంగిపోయాను, ఆ పొంగులోనే గుమ్మంలో నీకు నీతులు చెప్పాను. నువ్వు అడిగిన రోజుకి అది ఇంకా ఆ బల్ల మీదే ఉండి ఉంటుంది, దిద్దడానికి గడువూ ఉంది. ఒక్కసారి వెళ్లి చూసి ఉంటే సరిపోయేది. తప్పు చెయ్యకూడదు చెయ్యకూడదు అనుకుంటూనే నీకింత తప్పు చేశాను, అన్నయ్యా.

దరఖాస్తులో తొమ్మిదో గడి, పొరపాటు ఎవరి వల్ల జరిగింది అని ఉంటుంది. అందరూ ఖాళీగానే వదిలేస్తారు, నువ్వూ వదిలెయ్యి, నింపావంటే సంజాయిషీ నోటీసు తప్పదు అన్నారు సూపరింటెండెంటు గారు. నేను నా పేరు రాశాను. నువ్వు దాన్ని కొట్టెయ్యకు. నీ సంతకం పదో గడిలో.